అప్పు తీర్చడం వేరు, అప్పు మానడం వేరు

అప్పుల్లోంచి బయటపడ్డానని ఎవరైనా అంటే ఎదుటివారు అడిగే మొదటి ప్రశ్న "మొత్తం తీరిపోయాయా?" అని. తీరిపోయాయంటే శభాష్ అంటారు. ఇంకా ఉన్నాయంటే "మరి బయటపడ్డానంటావేమిటి?" అన్నట్టు చూస్తారు. తాగుడు మానిన మనిషిని ఎవరూ ఇలా అడగరు. ఇన్నేళ్లూ తాగుడుకు తగలేసిన డబ్బంతా తిరిగి సంపాదించాడా అని కాదు, ఇవాళ తాగాడా లేదా అని చూస్తారు. అప్పు దగ్గరికొచ్చేసరికి మాత్రం చూపంతా పాత బాకీ మీదే. ఈ నెలలో కొత్తగా ఎక్కడైనా చేయి చాచాడా అని అడగాలన్న ఆలోచన ఇంట్లోవారికీ రాదు, బ్యాంకువారికీ రాదు, సలహా ఇవ్వడమే వృత్తిగా పెట్టుకున్నవారికీ రాదు.

అప్పు వ్యసనంగా మారిన మనిషికి పాత బాకీ తీర్చడం చికిత్స కాదు, కొత్త అప్పు చేయకుండా ఉండటమే చికిత్స. అది ఒంటరిగా అయ్యే పని కాదు. అదే బాధ పడినవారు నలుగురు చుట్టూ ఉంటే అవుతుంది. నేను చెప్పదలచుకున్నది ఇదే. ఇలాంటి ఒక బృందంలో కొన్నేళ్లుగా ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. నేను అప్పుల పాలైన వైనం మాత్రం ఇక్కడ రాయను. ఆ కథలన్నీ ఒకే మూసలో ఉంటాయి. చదివేవారికి "నేను అంత దూరం పోలేదులే" అన్న ధీమా కలిగించడం తప్ప వాటివల్ల ఒరిగేదేమీ లేదు. బృందంలో ఇతరులు చెప్పుకున్న సంగతులు కూడా రాయను. అక్కడ విన్నది అక్కడే వదిలేసి రావాలి. ఎవరి పేరూ బయటికి పోకూడదన్న నియమం మీదే మొత్తం వ్యవహారం నడుస్తోంది.

అప్పున్న ప్రతివారికీ ఈ మాట వర్తించదు. ఆసుపత్రి ఖర్చు హఠాత్తుగా మీద పడినవారు, ఉద్యోగం పోయి ఇల్లు గడవడానికి అప్పు చేసినవారు, ఎంత పొదుపుగా బతికినా సంపాదన చాలనివారు ఉంటారు. వారికి కావలసింది ఆదాయం, న్యాయమైన వడ్డీ, అవసరమైతే చట్టం ఇచ్చే ఊరట. వారిని తీసుకొచ్చి గుండ్రంగా వేసిన కుర్చీల్లో కూర్చోబెట్టి "నీలోకి నువ్వు చూసుకో" అనడం దుర్మార్గం. నేను మాట్లాడుతున్నది జీతం పెరిగినా తగ్గినా, చేతిలో డబ్బున్నా లేకపోయినా అప్పు మాత్రం నీడలా వెంట ఉండే మనుషుల గురించి.

తేడా తెలిసేదెలా? నేనున్న బృందం పేరు డెటర్స్ అనానిమస్, అంటే పేరు చెప్పుకోని రుణగ్రస్తులు. అది కొత్తవారి ముందు 15 ప్రశ్నలు పెడుతుంది. ఎనిమిదింటికో అంతకు మించో అవునని జవాబు వస్తే అప్పు మీ అదుపు తప్పి ఉండవచ్చని చెబుతుంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదా, ఇంట్లో సుఖం పోయిందా, అప్పు పుట్టించుకోవడానికి అబద్ధం చెప్పారా వంటివి ఎవరైనా ఊహించగలిగిన ప్రశ్నలే. నన్ను పట్టుకుని కుదిపినవి వేరే మూడు. డబ్బు ఇబ్బంది వచ్చినప్పుడు, అప్పు దొరుకుతుందన్న ఆలోచనకే మీకు అంతులేని ఉపశమనం కలుగుతుందా? బాకీలు తీర్చడానికి కఠినమైన నియమం పెట్టుకుని, ఒత్తిడి రాగానే దాన్ని తెంచేసుకున్నారా? మీరు మిగతావారికంటే ఒక మెట్టు పైన ఉన్నారని, ఒక్క అవకాశం తగిలితే రాత్రికి రాత్రే అన్నీ తీర్చేయగలరని మీకు మీరే నచ్చజెప్పుకుంటున్నారా?

మొదటి ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలి. డబ్బు ఇంకా చేతికి రాలేదు. అప్పు మంజూరైందన్న కబురు మాత్రమే వచ్చింది. ఆ కబురుకే గుండెల మీది బరువు దిగిపోతుంది. ఒక్క సమస్యా తీరలేదు, పైగా కొత్తది ఒకటి చేరింది, అయినా ఆ పూటంతా మనసు తేలిగ్గా ఉంటుంది. ఆ హాయి కొనే వస్తువులో లేదు, అప్పు దొరకడంలో ఉంది. ఇది అనుభవించినవారికి వడ్డీ లెక్కల మీద ఉపన్యాసం ఇవ్వడం దండగ. ఆ లెక్కలు వారికి మనకంటే బాగా వచ్చు. ఏ కార్డుకు ఏ తేదీన కనీస చెల్లింపు కట్టాలో, ఎవరి దగ్గర తెచ్చి ఎవరికి సర్దాలో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఆ తెలివిలో పదో వంతు ఉద్యోగంలో చూపిస్తే ఎక్కడికో వెళ్లేవారు.

ఇది జబ్బేనా అని కొందరు అడుగుతారు. అదుపులేని కొనుగోళ్లను మానసిక వైద్యులు వందేళ్ల కిందటే గుర్తించారు. జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రేపెలిన్ దాని గురించి రాశాడు. 2013లో వచ్చిన అమెరికన్ మానసిక వైద్యుల వర్గీకరణ జూదాన్ని మత్తు వ్యసనాల సరసన చేర్చింది గానీ, కొనుగోళ్లకూ అప్పులకూ విడిగా చోటివ్వలేదు. వైద్యులు ఎప్పుడో ఒకప్పుడు తేల్చుకుంటారు. నాకు ఆ ముద్రతో పనిలేదు. మానాలనుకుని మానలేకపోతున్నానని తెలిశాక పేరు ఏదైతేనేం?

ఈ బృందం పుట్టిన తీరును మించిన సాక్ష్యం నా వాదనకు దొరకదు. ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలో మొదలైంది. దాని ద్వారా తాగుడు మానిన కొందరు 1968లో తమ డబ్బు కష్టాల గురించి విడిగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. తాగుడు పోయింది, అప్పులు మాత్రం పోలేదు. మొదట తమ బాధంతా ఖర్చు వల్లనే అనుకున్నారు. పెన్నీ పించర్స్ అని, అంటే పైసా పైసా పట్టి చూసుకునేవారమని పేరు పెట్టుకుని ఖర్చుకు కళ్లెం వేయాలని చూశారు. కుదరలేదు. తర్వాత తమకు దాచుకోవడం చేతకావడం లేదనుకున్నారు. క్యాపిటల్ బిల్డర్స్ అని పేరు మార్చుకుని రోజూ కొంత బ్యాంకులో వేస్తూ పోయారు. అదీ కుదరలేదు. అసలు సంగతి 1971లో గానీ తట్టలేదు. తాగేవాడికి మొదటి గుక్క ఎలాంటిదో, తమకు అప్పు చేయడమన్న ఆ పని అలాంటిది. వ్యసనంలోకి అడుగుపెట్టే గుమ్మం అక్కడుంది. ఖర్చూ పొదుపూ ఆ తర్వాతి సంగతులు. ఈ ఎరుకతో 1976 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లోని ఒక చర్చికి చెందిన ఇంట్లో తొలి సమావేశం జరిపారు.

ఆ ఎనిమిదేళ్లలో వారు దాటి వచ్చిన రెండు మజిలీలూ చూడండి: ఖర్చు తగ్గించు, పొదుపు చెయ్యి. డబ్బు గురించి సలహాలిచ్చేవారు నేటికీ ఆ రెండింటి దగ్గరే నిలబడి ఉన్నారు. ఆ సలహాలు తప్పని కాదు. మామూలు మనిషికి బాగానే పనికొస్తాయి. మాలాంటివారి చేతిలో పడితే మాత్రం ఖర్చు తగ్గించుకోవడం ఉపవాసంగా, పొదుపు మరో అప్పుకు ధైర్యంగా మారిపోతాయి.

తీర్చేయడం ఎందుకు పనిచేయదో నేను దగ్గరగా చూశాను. ఒకసారి మా అన్నయ్య నా బాకీలన్నీ తీర్చాడు. చాలా పెద్ద మనసుతో చేసిన పని, ఒక్క మాట కూడా అనకుండా చేశాడు. దాని ఫలితం ఏమిటంటే, మర్నాటి నుంచి నేను మళ్లీ అప్పివ్వదగ్గ మనిషినయ్యాను. ఖాళీ అయిన కార్డుల పరిమితి పెంచుతామని ఫోన్లు వచ్చాయి. ముఖం చాటేసి తిరిగిన స్నేహితుల ఇళ్లకు తలెత్తుకుని వెళ్లగలిగాను, తలెత్తుకుని వెళ్లాను కాబట్టి మళ్లీ అడగగలిగాను. అన్నయ్య డబ్బు నాకు తెచ్చిపెట్టింది పరపతి. అది నాలాంటి మనిషి చేతిలో ఉండవలసిన వస్తువు కాదు. అప్పులన్నీ కలిపి తక్కువ వడ్డీకి ఒకే అప్పుగా మార్చుకోమనే సలహాలో ఉన్న చిక్కు కూడా ఇదే. కాగితం మీద లాభమే. కానీ పాత ఖాతాలన్నీ ఒక్కసారిగా సున్నాకు వచ్చి కూర్చుంటాయి, పెద్ద అప్పు పక్కనే తలుపులు బార్లా తెరుచుకుని.

అందుకే బృందంలో లెక్క వేరు. ఈ ఒక్క రోజు తాకట్టు లేని అప్పు చేయను. ఇంతే నియమం. ఇల్లు, వాహనం, నగ వంటి వస్తువు మీద ఇచ్చే రుణాన్ని ఇందులో కలపరు. క్రెడిట్ కార్డు మీద మిగిల్చే బాకీ, స్నేహితుడి దగ్గర తీసుకునే చేబదులు రెండూ ఇందులోకి వస్తాయి. మొదట్లో ఈ విభజన నాకు అర్థం కాలేదు. అప్పు అప్పేగా అనుకున్నాను. వస్తువు మీద తెచ్చినదానికి ఒక హద్దుంటుంది. కట్టలేకపోతే వస్తువు పోతుంది, ఏం పోతుందో ముందే తెలుసు. చేబదులుకు అలాంటి హద్దు లేదు. మన ముఖం చూసి, మాట నమ్మి ఇస్తారు కాబట్టి పోయేది మాటా ముఖమూ. వ్యసనానికి కావలసింది హద్దు లేనిదే.

అలవాటు ఎంత లోతుకు పాకుతుందో చెప్పడానికి బృందం రాసుకున్న లక్షణాల జాబితాలో ఒక విచిత్రమైన అంశం ఉంది. పుస్తకాలు, పెన్నులు, చిల్లర వంటి చిన్న చిన్నవి తరచూ అడిగి తీసుకుని తిరిగి ఇవ్వకపోవడం. చదివి నవ్వుకున్నాను. ఇంటికి వెళ్లి పుస్తకాల అలమర ముందు నిలబడితే నవ్వు ఆగిపోయింది. ఒక్కో అరలో సగం పుస్తకాల మొదటి పేజీలో వేరేవారి సంతకాలే.

అయితే అప్పు చేయనని ఒట్టు పెట్టుకున్నంత మాత్రాన ఆగుతుందా? ఆగదు. బృందం చేయించే మొదటి పని చాలా చప్పగా ఉంటుంది: పద్దు రాయడం. వచ్చిన ప్రతి పైసా, పోయిన ప్రతి పైసా, అదే రోజు. తగ్గించమని ఎవరూ అడగరు, రాయమంటారు. ఎందుకంటే ఈ వ్యసనం బతికేది పొగమంచులో. వాయిదా తేదీలు వేళ్ల మీద చెప్పగలిగే మనిషిని మొత్తం బాకీ ఎంత అని అడగండి, "సుమారుగా" అని మొదలుపెడతాడు. ఆ రెండూ ఒకే తలలో ఎలా ఇముడుతాయో చూసినవారికి గానీ తెలియదు. వచ్చిన కవర్లు విప్పకుండా సొరుగులో పడేయడం, ఏటీఎం ఇచ్చే చీటీని చూడకుండానే నలిపేయడం, తెలియని నంబరు నుంచి ఫోను వస్తే బోర్లా పెట్టేయడం, ఇవన్నీ ఆ మొత్తాన్ని చూడకుండా ఉండటానికి పడే పాట్లు.

కార్డుతో కొన్నప్పుడు డబ్బు పోతున్న నొప్పి తెలియదని చాలామంది అంటారు. దానికి పరీక్ష కూడా ఉంది. డ్రేజన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో మేనేజ్‌మెంట్ విద్యార్థులకు బాస్కెట్‌బాల్ ఆట టిక్కెట్లను వేలం పెట్టారు. కొందరికి నగదు కట్టాలన్నారు, కొందరికి కార్డుతో కట్టాలన్నారు. 2001లో ప్రచురించిన ఫలితం ప్రకారం కార్డువారు పాడిన ధర నగదువారు పాడినదానికి దాదాపు రెట్టింపు. చదువుకున్నవారు, పైగా డబ్బు గురించే చదువుకుంటున్నవారు. పద్దు రాస్తే ఆ పోయిన నొప్పి కొంత తిరిగి వస్తుంది. సాయంత్రం పెన్ను పట్టుకుని ఆ అంకె వేసేటప్పుడు చేయి ఒక్క క్షణం తటపటాయిస్తుంది. పద్దు వల్ల జరిగేది ఆ క్షణమే, అంతకంటే ఎక్కువ ఆశించకూడదు.

పద్దు కొంతకాలం నడిచాక, అనుభవమున్న ఇద్దరు సభ్యులు కొత్తవారితో కూర్చుంటారు. ఒత్తిడి తగ్గించే సమావేశం అంటారు దాన్ని. ఆ ఇద్దరూ కనీసం 90 రోజులుగా తాకట్టు లేని అప్పు చేయనివారై ఉండాలి. ఒకరు మగవారు, ఒకరు ఆడవారు ఉండటం ఆనవాయితీ.

నా వంతు వచ్చినప్పుడు ఆయన ఉద్యోగ విరమణ చేసిన మనిషి, ఆవిడ నాకంటే వయసులో చిన్న. నోటు పుస్తకం ఆవిడ ముందు పెట్టాను. ఒక్కో పేజీ నిదానంగా తిప్పుతూ పోయారు. ఎక్కడా కనుబొమ పైకి లేవలేదు, "అయ్యో" అనలేదు. నేను మాత్రం ఎక్కడ ఏ ఖర్చుకు ఏ సంజాయిషీ ఇవ్వాలో అన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్నాను. చివరి పేజీ అయ్యాక అడిగారు: "ఇందులో కళ్లద్దాల ఖర్చు కనబడలేదండీ?" నా కళ్లద్దాల కాడ విరిగి చాలాకాలమైంది. సన్నటి తీగ చుట్టి నెట్టుకొస్తున్నాను. ఆ ఖర్చు పెట్టలేదు కాబట్టి రాయలేదన్నాను. "పళ్ల డాక్టరు?" లేదు. "చెప్పులు?" లేదు. ఆయన అంతవరకూ ఏమీ మాట్లాడలేదు. అప్పులవారి జాబితా రాసిన కాగితాన్ని పక్కకు జరిపి, తెల్ల కాగితం ఒకటి తీసుకుని మొదటి వరుసలో "కళ్లద్దాలు" అని రాసి, "ముందు ఇది. వారికి కట్టేది దీని తర్వాత" అన్నారు.

నాకు కోపం వచ్చింది. ఇంతమందికి ఇవ్వాల్సిన మనిషి తన మీద ఖర్చు పెట్టుకోవడమేమిటి, అది ఒక రకం దొంగతనం కాదా అన్నాను. ఆయన అడిగింది ఒక్కటే: "ఆ తీగ ఊడి అద్దం పగిలిన రోజున ఏం చేస్తారు?" జవాబు ఇద్దరికీ తెలుసు. అప్పు చేస్తాను. అత్యవసరం కదా, ఎవరూ తప్పు పట్టరు కూడా.

అప్పుచేసి పప్పుకూడు తినేవారని మాలాంటివారి మీద ఒక ముద్ర ఉంది. కొందరి విషయంలో నిజమే కావచ్చు. కానీ బృందంలో నేను చూసినవారిలో చాలామంది తమను తాము పస్తు పెట్టుకునే రకం. అప్పులవారికి భయపడి చేతిలో ఉన్నదంతా ఊడ్చి ఇచ్చేసి, నెల మధ్యలో మందులకో ప్రయాణానికో మళ్లీ చేయి చాస్తారు. తీర్చడమే అప్పుకు కారణమవుతుంది. కనీస అవసరాలు మానుకుని మరీ అప్పులవారికి కట్టడం కూడా బృందం దృష్టిలో వ్యసన లక్షణమే. అందువల్ల ఖర్చుల ప్రణాళికలో ముందు మనిషి బతకడానికి కావలసినవి రాస్తారు, మిగిలినదాన్ని అప్పులవారికి పంచుతారు. ఎగ్గొట్టమని కాదు. ప్రతి ఒక్కరికీ కట్టాల్సిందే, కాకపోతే నిలబెట్టుకోగలిగినంతే ఒప్పుకుని, ఒప్పుకున్నది తప్పకుండా కట్టాలి. నెలకు పెద్ద మొత్తం కడతానని మాటిచ్చి మూడో నెల ఫోను ఎత్తని మనిషికంటే, చిన్న మొత్తమే ఏళ్ల తరబడి తప్పకుండా కట్టేవాడు అప్పిచ్చినవారికీ మేలు.

ఇది నీతిగా సరైనదేనా అని నన్ను గట్టిగా నిలదీసినవారున్నారు. నా కళ్లద్దాలకంటే ఎదుటివారి డబ్బు ముఖ్యం కాదా అంటారు. వారి డబ్బు వారికి చేరాలంటే నేను మళ్లీ అప్పు చేయకుండా నిలబడటం ఒక్కటే దారి అని నా జవాబు. నిలబడటానికి ఏం కావాలో అది ముందు.

ఇదంతా ఒక్కరే కూర్చుని చేసుకోలేరా? నేను ప్రయత్నించాను, చాలామంది ప్రయత్నిస్తారు. కుదరకపోవడానికి కారణం సంకల్పం లేకపోవడం కాదనుకుంటాను. 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం తమిళనాడులోని చెరకు రైతులను కోతకు ముందు ఒకసారి, డబ్బు చేతికొచ్చాక ఒకసారి పరీక్షించింది. అదే రైతు కోతకు ముందు, డబ్బుకు కటకటగా ఉన్న రోజుల్లో, ఆలోచనకు పెట్టిన పరీక్షల్లో వెనకబడ్డాడు. ఇలాంటి ఫలితాల మీద తర్వాత వాదోపవాదాలు నడిచాయి, అవి ఎలా ఉన్నా అందులోని మనిషిని నేను గుర్తుపడతాను. బాకీల ఆలోచనతో నిండిపోయిన తలకు ఎదురుగా ఉన్న కాగితం కూడా సరిగా కనబడదు. కళ్లద్దాల పద్దు లేదన్న సంగతి నా కంట ఎందుకు పడలేదు? నా నోటు పుస్తకాన్ని నేను రోజూ చూస్తూనే ఉన్నాను.

ఆ కాగితాన్ని చూసే రెండో మనిషి ఎవరన్నది కూడా ముఖ్యమే. అప్పిచ్చినవారికి తమ డబ్బు కావాలి. ఇంట్లోవారికి గాయమైంది, ఒక్కో పేజీ తిప్పేకొద్దీ వారి ముఖం మారిపోతుంది, ఆ ముఖం చూడలేక మనం అంకెలు దాస్తాం. వృత్తి సలహాదారుకు లెక్కలు తెలుసు, కానీ అప్పు దొరికిన పూట కలిగే ఆ హాయి తెలియదు. బృందంలోని మనిషికి మన నుంచి ఏమీ అక్కర్లేదు, అన్నీ తెలుసు. మా బృందంలో ఒకరికొకరు డబ్బు ఇచ్చిపుచ్చుకోరు. రుసుము లేదు, బయటివారి విరాళాలు తీసుకోరు, సభ్యులు తోచింది వేస్తే దానితోనే నడుస్తుంది. ఆ గదిలో ఎవరూ ఎవరికీ బాకీ లేరు. ఏళ్ల తరబడి కనిపించిన ప్రతి మనిషినీ ఇచ్చినవారు, ఇవ్వగలిగినవారు అని రెండుగా విడదీసి చూసిన కళ్లకు ఇది ఎంత ఊరటో మాటల్లో చెప్పడం కష్టం.

ఫోను చేయాల్సిన పనులకూ ఇదే సాయం. అప్పులవారికి ఫోను చేసి ఇంతే కట్టగలనని చెప్పాలి. ముందు బృందంలో ఒకరికి ఫోను చేసి "ఇప్పుడు చేయబోతున్నాను" అంటాను. పని కాగానే మళ్లీ వారికే చేసి "అయింది" అంటాను. వారు సలహా ఇవ్వరు, "సరేనండి" అంటారు. చూడటానికి పిల్లల ఆటలా ఉంటుంది, కానీ నెలల తరబడి వాయిదా వేసిన ఫోన్లు ఆ రెండు "సరేనండి"ల మధ్య జరిగిపోయాయి.

ఇప్పుడు అభ్యంతరాలు. దేవుడి మాట ఎక్కువని చాలామంది మొదటి సమావేశంలోనే లేచి వెళ్లిపోతారు. 12 మెట్ల పద్ధతి, అంటే బాగుపడటానికి ఒకదాని తర్వాత ఒకటిగా చేయాల్సిన 12 పనులు, ఆల్కహాలిక్స్ అనానిమస్ నుంచి వచ్చింది, అందులో దేవుడున్నాడు, ఎవరికి అర్థమైన రూపంలో వారు తీసుకోవచ్చని ఉంది. నేను పెద్ద భక్తిపరత్వం ఉన్న మనిషిని కాదు. నాకంటే పెద్దదంటే ఆ గదిలో కూర్చున్న పదిమంది అని సర్దుకున్నాను, ఎవరూ అడ్డు చెప్పలేదు. ఈ విషయంలో ఎక్కువ చర్చ అనవసరం.

అప్పు ముందు నేను అశక్తుణ్ణని ఒప్పుకోవడం మొదటి మెట్టు, అది బాధ్యత దులుపుకోవడమేనని రెండో అభ్యంతరం. ఇది బరువైనదే. కానీ అదే మెట్లలో ఎనిమిదోది, తొమ్మిదోది చూడండి: ఎవరెవరికి నష్టం చేశామో జాబితా రాసుకోవాలి, వీలైనచోటల్లా స్వయంగా సరిదిద్దాలి. అశక్తుణ్ణని చెప్పి చేతులు ముడుచుకునే మనిషికి ఈ పని అప్పగించరు. ఒప్పుకోవలసింది ఒక్క విషయమే: మొదటి అప్పు చేశాక ఆపడం నా చేతిలో లేదు. చేయకుండా ఉండటంలో మాత్రం సాయం అడగవచ్చు.

ఇది పనిచేస్తుందనడానికి రుజువేమిటని అడిగేవారికి ఒక్క మాట. మద్యం విషయంలో 2020లో, వైద్య అధ్యయనాలను కూడగట్టి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ సమీక్ష 27 అధ్యయనాలను పరిశీలించి, 12 మెట్ల బృందాలవైపు నడిపించే చికిత్సలు తాగకుండా నిలబెట్టడంలో ఇతర పద్ధతులకు తీసిపోవని, కొన్నిచోట్ల మెరుగని తేల్చింది. ఆ ఫలితాన్ని తెచ్చి అప్పుకు అంటగట్టను, మద్యం వేరు, అప్పు వేరు. నేను చూసినదాని మీదే మాట్లాడుతున్నాను. వచ్చి ఆగిపోయినవారినీ, మళ్లీ అప్పులో పడి తిరిగి వచ్చినవారినీ కూడా చూశాను.

మూడో అభ్యంతరం మాత్రం నాదే. ఫోనులో నాలుగు మీటలు నొక్కితే నిమిషాల్లో అప్పు పడే రోజులివి. కట్టలేడని తెలిసీ పరిమితి పెంచేవారు, గడువు దాటితే బంధువులందరికీ ఫోన్లు చేసి పరువు తీసేవారు ఉన్నారు. వీరి గురించి బృందం ఒక్క మాటా మాట్లాడదు. బయటి వివాదాల్లో అభిప్రాయం చెప్పకూడదన్నది దాని సంప్రదాయం. ఎందుకు పెట్టుకున్నారో తెలుసు. రాజకీయం వస్తే బృందం చీలుతుంది, చీలితే నాలాంటివారికి చోటు పోతుంది. అర్థమవుతుంది గానీ నాకు రుచించదు. మత్తు అమ్మేవారి మీద నియంత్రణ కావాలని అడగడానికి తాగుడు మానిన మనిషిని మించిన అర్హత ఎవరికుంది? అందుకే ఆ గదిలో నోరు మూసుకుంటాను, బయట మాత్రం సందర్భం వచ్చిన ప్రతిసారీ మాట్లాడతాను. ఇప్పుడు చేస్తున్నదీ అదే.

మిగిలింది ఇంట్లోవారి సంగతి. మీ ఇంట్లో ఇలాంటివారుంటే తీర్చేయాలని తొందరపడకండి. కార్డులు లాక్కుని, రోజూ చేతిలో ఇంత పెట్టి పంపే పద్ధతి కూడా వద్దు. అప్పుడు లెక్క మీ దగ్గర ఉంటుంది, ఆ మనిషికి పొగమంచే మిగులుతుంది. ఇవ్వాలనిపిస్తే ఇచ్చామన్న మాటతో ఇవ్వండి, తిరిగి రావాలనుకుంటే అసలు ఇవ్వకండి. "తర్వాత చూద్దాంలే" అని మాత్రం ఇవ్వకండి. అందులో ఎంత, ఎప్పుడు, ఎలా అన్నది ఏదీ లేదు. మాకు కావలసింది సరిగ్గా అలాంటి డబ్బే.

మా అన్నయ్య ఇచ్చినది కూడా అలా ఏ గట్టునా చేరకుండా ఉండిపోయింది. అప్పులవారి జాబితా రాస్తున్నప్పుడు, నా పద్దు చూసిన ఆ ఇద్దరు సభ్యులూ అన్నయ్య పేరు కూడా చేర్చమన్నారు. నేను వద్దన్నాను, అన్నయ్య అయితే ఫోనులో కేకలేశాడు, తమ్ముడి దగ్గర వసూలు చేసుకునే గతి పట్టలేదన్నాడు. అయినా జాబితాలో పేరు ఉంది, ప్రతి నెలా ఒకటో తేదీన చిన్న మొత్తం వెళుతుంది. మొదట్లో అదే రోజు తిరిగి పంపేసేవాడు, నేను మళ్లీ పంపేవాణ్ణి. కొన్నాళ్లకు పంపడం మానేశాడు. ఈ మధ్య ఒకటో తేదీ దాటితే ఫోను చేసి గుర్తు చేస్తున్నాడు కూడా.